శివరాములు కొట్టిన భూకంపం

అమీర్‌పేటలో శివరాములు కుట్టు దుకాణం ముందు ఒక చెక్కబల్ల ఉండేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారని తనే టేకు చెక్కతో చేయించి వేసుకున్నాడు. ఈమధ్య ఆ బల్ల మీద అతని తోడల్లుడు ఉప్పలయ్య కూర్చుంటున్నాడు. కూర్చుంటే కూర్చున్నాడు, అరిగిపోయేదేమీ లేదు. కానీ కూర్చున్నవాడు ఊరుకోడు, మాట్లాడతాడు. మాట్లాడితే మాట్లాడాడు, శివరాములుకు చెవులు మూసుకోవడం తెలుసు. కానీ జనం వింటున్నారు. పనికని వచ్చినవాళ్ళు కొలత మాట మరిచిపోయి, నోళ్ళు తెరుచుకుని మరీ వింటున్నారు. అక్కడే శివరాములు కడుపు మండేది.

ఈ ఉప్పలయ్యను పట్నం తెచ్చింది ఎవరు? శివరాములే. సిద్దిపేట దగ్గర మగ్గాలు మూలపడి, మిల్లుబట్ట ముందు చేనేత చీరలు నిలవలేక, ఇంటిల్లిపాదీ గంజితో పొద్దుపుచ్చుతున్న రోజుల్లో మరదలు రాజమణి ముఖం చూసి వాణ్ణి తీసుకొచ్చి కుట్టు నేర్పబోయాడు. నేర్చుకున్నాడా? సోమాజిగూడలోని ఒక జాగీర్దారుగారి షేర్వానీకి ఎడమచెయ్యి కుడివైపున కుట్టిపెట్టాడు. ఆ జాగీర్దారు అన్న మాటలు శివరాములుకు ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటుంటాయి. ఆ తరువాత ఉప్పలయ్య చుక్కల బంగ్లాలో కాపలా పనికి కుదిరాడు. రాత్రిపూట పెద్ద దూర్బీనుతో చుక్కల్ని చూసే సర్కారు బంగ్లా అది. అక్కడ భూకంపాలను పట్టే యంత్రం కూడా ఒకటి ఉంది. దాని కాగితం మార్చేవాడు పని మానేస్తే ఆ పని ఉప్పలయ్య చేతికొచ్చింది. అంతే. చొక్కాచెయ్యి కుట్టడం రానివాడు రెండేళ్ళలో భూగోళం మొత్తానికీ పెద్దమనిషయి కూర్చున్నాడు.

ఒక సాయంత్రం కులపెద్ద ఆనందం కర్ర పొడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ఆ వాడలోని పద్మశాలీ ఇళ్ళన్నిటికీ ఆయన మాటే మాట.

"ఉప్పలయ్యా, నువ్వు దినాం గా మిషిన్ కాడనే ఉంటవు గదా. భూమి ఎందుకు కదులుతదయ్యా? ఆదిశేషుడు అలసిపోయి పడగ మార్చుకుంటడంటరు. నిజమేనా?"

"పడగ గాదు మామా," అన్నాడు ఉప్పలయ్య నవ్వుతూ, "పడుగు."

బల్ల మీదివాళ్ళు ఒక్క క్షణం ఆగి, గొల్లున నవ్వారు. సాలెవాళ్ళ ముందు పడుగు మాట తెస్తే ఇక చెప్పేదేముంది? మగ్గం మీద నిలువునా లాగికట్టే నూలు అది. పుట్టినప్పటినుంచీ వాళ్ళు చూసిందే.

"మనం పడుగును లాగి లాగి బిగిస్తం గదా మామా. భూమి లోపల బండలు సుత గట్లనే బిగుసుకుంటయి. ఒకదాన్నొకటి నూకుతుంటయి. ఏండ్లకేండ్లు ఓర్చుకుంటయి. ఓర్చుకోలేని నాడు ఒక్క జాగల పటుక్కుమని తెగుతయి. తెగినకాడికెళ్ళి జలదరింపు పుట్టి, నాలుగు దిక్కుల ఉరుకుతది. గదే భూకంపం."

"ఉరికి ఈడిదాక వస్తదా?" అన్నాడు సారయ్య. సికింద్రాబాద్ స్టేషన్‌కూ అమీర్‌పేటకూ జట్కా తోలేవాడు.

"రెండు తీర్ల వస్తది సారన్నా. ఒకటి తోపుడు. రైలు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నట్టు ముందుకూ ఎనకకూ నూకుకుంట వస్తది. రెండోది ఊపుడు. తాడు పట్టి పక్కకు విసిరితే పాములెక్క పోతది చూడు, గట్ల. రెండూ ఒక్కపారే బయలెల్లుతయి. తోపుడు నీ జట్కా, ఊపుడు ఎడ్లబండి. స్టేషన్ కాడ ఇద్దరూ ఒక్కపారే కదిలినా, అమీర్‌పేటకు నువ్వు ముందొస్తవు, ఎడ్లబండి ఎనక వస్తది. దూరం పెరిగినకొద్ది మీ ఇద్దరి నడుమ సందు పెరుగుతది. గా సందు చూసి మా సారు దూరం చెప్పేస్తడు."

"వారెవ్వా! నా గుర్రానికి సుత ఇజ్జత్ ఇచ్చినవు తమ్మీ!" అని సారయ్య తొడ చరిచాడు.

లోపల శివరాములు మిషన్ పాదం ఆపి, సూదిలోకి దారం ఎక్కించబోయి, మూడుసార్లు తప్పాడు. పడగ కాదు, పడుగు. ఎంత చిన్న మాట! తను పుట్టిందీ పడుగుల మధ్యనే. ఆదిశేషుడి కథ తనూ వెయ్యిసార్లు విన్నాడు. ఆ మాట తన నోటికెందుకు రాలేదు?

ఇంట్లో అన్నానికి కూర్చుంటే భార్య దేవవ్వ కూడా అదే పాట. "మా మరిది నోట్లె ఏం మహిమున్నదో గని, గంత పెద్ద ముచ్చట గింత తేటగ చెప్తడు. మా అవ్వ సుత చెల్లె ఇంటికాడనే ఉంటనంటున్నది, అల్లుని ముచ్చట్లు వినుకుంట."

"కూరల ఉప్పు లేదు."

"ఉన్నది. నీ నోరే చేదుగున్నది."

ఇంతవరకైతే ఏదో ఒకనాటికి మింగేసేవాడే. కానీ మార్కండేయుడి పండుగ దగ్గరికొస్తోంది. ఏటా మాఘం మొదట్లో, పండుగనాడు, సంఘం కొట్టంలో మగ్గం వేసి, పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేలోపల దేవుడికి కండువా నేసేవాళ్ళు. ఆ పడుగులోకి తొలి పేక, అంటే మొదటి అడ్డపోగు, వేసేవాడిదే ఆ యేటి గౌరవమంతా. నూలుకండె పెట్టిన నాడె ఒక్కసారి ఇటునుంచి అటు పోవాలి, అంతే పని. కానీ ఆ నాడె పట్టినవాణ్ణి ఏడాదంతా జనం పక్కకు జరిగి కూర్చోబెడతారు. శివరాములు తండ్రి పేరున్న నేతగాడు. పంచాయితీలో నోరు దురుసని ఊళ్ళో పెద్దలు ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ ముసలాయన ప్రతి పండుగనాడూ చేతులు కడుక్కుని, మంచి పంచె కట్టుకుని, గడపలో కూర్చుని, పిలుపు రాక లేచిపోయేవాడు. అది చూస్తూ పెరిగినవాడు శివరాములు.

ఇరవై ఏళ్ళుగా అమీర్‌పేటలో తొలి పేక ఆనందానిది. ఈ యేడు ఆయన చేతులు వణుకుతున్నాయి, ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఈ వాడలో మొదట అడుగుపెట్టిన సాలోడు శివరాములు. మిగతావాళ్ళు అతని వెనక వచ్చినవాళ్ళే. ఇంకెవరికిస్తాడు? కానీ ఆనందం బల్ల మీదినుంచి లేస్తూ, "బుద్ధిమంతుడవయ్యా ఉప్పలయ్యా, కులానికి పేరు తెస్తున్నవు," అన్నాడు. ఆ మాట శివరాములు చెవిలో సూదిలా దిగబడి అక్కడే విరిగింది.

ఇదిలా ఉండగా చుక్కల బంగ్లా నుంచి కబురొచ్చింది. భూకంపపు యంత్రం గదికి వెలుతురు చొరనివ్వని నల్ల పరదాలు కావాలట. "మా అన్న కన్న మంచిగ కుట్టేటోడు లేడు సార్," అని ఉప్పలయ్య సిఫార్సు చేశాడట. పని దొరికినందుకు సంతోషించాలో, వాడి సిఫార్సుతో దొరికినందుకు ఏడవాలో తెలియక, శివరాములు టేపు మెడలో వేసుకుని వెళ్ళాడు.

సగం నేలలోకి దిగిన గది. లోపల చీకటి, చల్లదనం. మధ్యన రాతి కంబం. దాని చుట్టూ గచ్చును తాకకుండా సందు వదిలారు. కంబం మీద సన్నని కడ్డీకి వేలాడే బరువు, దానికి గోరంత అద్దం. ఆ అద్దం మీద పడ్డ వెలుగు చుక్కయి, గుండ్రంగా తిరిగే కాగితం మీద గీత గీస్తోంది. భూమి కదిలితే కంబం కదులుతుంది, బరువు మాత్రం బద్ధకంగా ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ తేడా వల్ల చుక్క ఊగుతుంది. ఉప్పలయ్య ఇదంతా చెవిలో చెప్పాడు, గర్భగుడిలో పూజారిలా.

"జర మెల్లగ నడువు అన్నా."

"ఎందుకు? నేనేమన్న ఏనుగునా?"

"మస్తు నాజూకు మిషిన్ ఇది. బయట చీమ తుమ్మినా రాస్తది," అన్నాడు ఉప్పలయ్య గొప్పగా. "గీ కంబం బండ దాక పోయింది. గా బండ గోడ అవతలికెళ్ళి పంజగుట్ట దాక ఒక్కటే. బిగుసుకున్న పడుగనుకో."

శివరాములు పరదా పొడవు కొలవడం మొదలుపెట్టాడు గాని, మనసు గోడ అవతలి బండ మీదికి పోయింది. చీమ తుమ్మితేనే రాస్తే, మనిషి కొడితే? కొడితే ఉప్పలయ్య భూకంపమని ఊరంతా చాటుతాడు. నాలుగు రోజులు పోతాయి. పత్రికలో ఒక్క ముక్క రాదు. అప్పుడు లేచి నిలబడి, గా భూకంపం నాదిరా అంటే?

పరదాలు ఎంత శ్రద్ధగా కుట్టాడంటే, పెద్దసారు వాటిని వెలుగుకు పట్టి చూసి షాబాష్ అన్నాడు.

పుష్యమాసపు అమావాస్య సోమవారం వచ్చింది. అమావాస్యనాడు సాలెవాళ్ళు పనిముట్టు ముట్టరు. మగ్గానికి, కత్తెరకు, కుట్టుమిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి సెలవిస్తారు. శివరాములు కూడా మిషన్‌కు బొట్టు పెట్టాడు. మధ్యాహ్నం అన్నం తిని, సడక్ పనిచేసే హనుమాండ్లు దగ్గర దిమ్మిస అడిగి తెచ్చాడు. నేల గట్టిపడేదాకా దంచే బరువైన మొద్దు అది. "ఇల్లు అలికిస్తున్నవా?" అంటే "ఆఁ" అన్నాడు. దిమ్మిస మన కులం పనిముట్టు కాదు, దాన్ని ముడితే తప్పేముందని దారంతా తనకు తనే చెప్పుకుంటూ పోయాడు.

బంగ్లా గోడ వెనక సీతాఫలం పొదల మధ్య బండ ఏనుగు వీపులా పైకి తేలి ఉంది. మట్టి మీద కొడితే దెబ్బ ఇంకిపోతుంది, వదులైన పడుగులా. బిగిసిన బండ మీదే కొట్టాలి. ఈ తెలివి ఉప్పలయ్య ఇచ్చిందేనని గుర్తొచ్చి మొదటి దెబ్బ ఇంకా గట్టిగా వేశాడు.

ఒక దెబ్బ తన బల్లకు. ఒక దెబ్బ ఎడమచేతి షేర్వానీకి. ఒక దెబ్బ దేవవ్వ మెచ్చుకోలుకు. పడుగు మాటకు రెండు. తండ్రి గడపలో కూర్చున్న పండుగలకు ఎన్ని వేశాడో లెక్క లేదు. చెమట కళ్ళలోకి కారింది, భుజాలు పట్టేశాయి, అయినా ఆపలేదు.

అప్పుడు గోడ అవతలినుంచి ఉప్పలయ్య గొంతు వినిపించింది. "సార్! సార్! చుక్క ఊగుతున్నది సార్! కాగితం దాటి పోతున్నది!" ఎవరో పరిగెత్తారు. తలుపులు కొట్టుకున్నాయి.

శివరాములు దిమ్మిస వదిలేసి బండ మీద చతికిలబడ్డాడు. నవ్వు ఆగలేదు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు.

ఆ సాయంత్రం బల్ల నిండిపోయింది. ఉప్పలయ్య ముఖం వెలిగిపోతోంది.

"గింత పెద్దది నేనెన్నడు చూడలే. ముందుగాల తోపుడొచ్చింది, సన్నగ. జరసేపటికి ఊపుడొచ్చింది చూడు, చుక్క ఈ అంచుకెళ్ళి ఆ అంచుకు! ఉత్తరాన శాన దూరంల, నేపాల్ దిక్కు ఉంటదంటుండు సారు."

"నేపాల్ దిక్కా?" అన్నాడు శివరాములు లోపలినుంచి, ఎంతో మర్యాదగా. "పంజగుట్ట దిక్కు కాదు గద తమ్మీ? మంచిగ చూసినవా?"

"మంచిగనే చూసిన అన్నా."

"ఏం లేదు, ఊకెనే అడిగిన."

నాలుగు రోజులు ఓపిక పట్టాలనుకున్నవాడు ఒక్క రోజు పట్టలేకపోయాడు. మర్నాడే సంఘం కొట్టంలో సమావేశం. తొలి పేక ఎవరిదో ఆ రోజే తేలాలి. ఆనందం గొంతు సవరించుకుని, "మన ఉప్పలయ్య నిన్న బల్ల మీద కూసుండి నేపాల్ దిక్కు భూమి కదిలిందని చెప్పిండు. గసుంటి మనిషి..." అంటుండగానే శివరాములు లేచాడు.

"ఆగు మామా. గా భూకంపం నాది."

అందరూ తలలు తిప్పారు.

"నిన్న మిషిన్ గది ఎనక బండ మీద దిమ్మిసతోని నేను కొట్టిన. మా అవ్వ తోడు. హనుమాండ్లును అడుగుండ్రి, దిమ్మిస ఎవలు తీస్కపోయిన్రో. నేను కొడుతుంటె ఈయన లోపల 'సార్ సార్' అని ఉరుకుతుండు. గోడ అవతల తోడల్లుడు, ఈయనకేమో నేపాల్!"

కొట్టం పగిలిపోయేలా నవ్వారు. సారయ్య కింద పడి దొర్లాడు. "తోపుడు శివరాములన్న, ఊపుడు దిమ్మిస!" అని ఎవరో అరిచారు.

ఉప్పలయ్య నవ్వలేదు. "నిజంగ కొట్టినవా అన్నా?"

"చీమ తుమ్మినా రాస్తదన్నవు గదా. చీమ తుమ్మలే తమ్మీ, నేను తుమ్మిన."

ఉప్పలయ్య తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆనందం కళ్ళు తుడుచుకుని, "నవ్వి నవ్వి పానం పోయింది. ఇగ తొలి పేక శివరాములుదే, వాడ కట్టిన మనిషి," అన్నాడు. శివరాములు ఇంటికెళ్ళి పెట్టెలోంచి తండ్రి పంచె తీసి, తనే ఉతికి ఆరేశాడు.

బుధవారం పంచె ఆరకముందే సారయ్య జట్కా దుకాణం ముందు ఆగింది. స్టేషన్లో ఎవరో పారేసిన పత్రిక చేతిలో ఉంది. మనిషి ముఖంలో నవ్వు లేదు. బల్ల మీదివాళ్ళకు కూడబలుక్కుంటూ చదివి వినిపించాడు. సోమవారం మధ్యాహ్నం బీహారులో భూమి కదిలింది. నేపాల్ అంచు దాకా ఊళ్ళకూళ్ళు కూలాయి. నేల నెర్రెలిచ్చి ఇసుకా నీళ్ళూ పైకి చిమ్మాయి. వేలమంది మట్టి కింద పోయారు.



శివరాములుకు ముందు తట్టింది చచ్చినవాళ్ళు కాదు. వాడన్నది నిజమేనన్న మాట తట్టింది. వేలమంది మట్టి కింద ఉండగా తనకు తోడల్లుడే గుర్తొచ్చాడని తెలిసి, ఒక్క క్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా తిరిగి ఉప్పలయ్య మీదికే పోయింది.

అంతలో కల్లు ముంతలా గుండ్రంగా ఉండే అత్త కాంతవ్వ అటుగా వచ్చి, విషయం విని, గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓ అల్లుడా! సోమారమే గదా నువ్వు కొట్టింది? అమాస నాడు, అందరూ చేతులు కట్టుకున్న పూట, భూమితల్లి వీపు మీద కొట్టినవా? కొట్టి ఎంతమందిని బలి తీస్కుంటివి కొడుకా!"

బల్ల మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. లేచి, దుకాణానికి కాస్త దూరంగా నిలబడ్డారు. సాయంత్రానికి వాడంతా అదే మాట. దిమ్మిస లేచిన పూటకు, బీహారు కూలిన పూటకు తేడా లేదు. పైగా తన నోటితో, తల్లి మీద ఒట్టేసి చెప్పుకున్నాడు.

పండుగనాడు శివరాములు తండ్రి పంచె కట్టుకునే వెళ్ళాడు. కొట్టంలో మగ్గం సిద్ధంగా ఉంది. గంజి వాసనతో పడుగు తళతళలాడుతోంది. జనం అతనికి దారి ఇచ్చారు, గౌరవంతో కాదు.

ఆనందం కర్ర ఆనించి అన్నాడు: "శివరామా, అమాస నాడు నువ్వు మొద్దెత్తినవు, శేషుడు పడగ కదిపిండు. గీ చేతులతోని దేవుని నాడె ఎట్ల ముట్టనిస్తం? పన్నెండేండ్లు కొట్టం గడప తొక్కొద్దంటున్నరు పెద్దలు."

"ఆగుండ్రి మామా."

గుంపు వెనకనుంచి ఉప్పలయ్య వచ్చాడు. మగ్గం దగ్గర వంగి, "దేవుని పడుగు, కోపం చేయొద్దు," అని దండం పెట్టుకుని, పడుగు ఈ చివర గోటితో టకటకా మీటాడు. "చూడుండ్రి. గిది మా అన్న దిమ్మిస. చిన్న దెబ్బ, జల్దీ జల్దీ దెబ్బ. జానెడు దూరం పోకముందే సచ్చింది. నడిమి పోగు సుత కదల్లే." తరువాత రెండు చేతులతో పడుగును పట్టి మెల్లగా, బరువుగా ఊపాడు. అల నిదానంగా లేచి, పడుగు చుట్టిన అవతలి దోనె దాకా పోయి, అక్కడ కూర్చున్న ముసలాయన మోకాలిని తాకింది. "గిది బీహార్. బండ తెగితేనే గింత పెద్ద అల పుడుతది. మా మిషిన్ల బరువు గీ పెద్ద అలకే మేలుకుంటది. దోమ కుట్టుళ్ళకు లేవదు. చీమ తుమ్మినా రాస్తదని నేను అందరి ముంగట కోతలు కోసిన. అబద్ధం. నా కోతలు విని మా అన్న మోసపోయిండు."

"అయితే శివరాముల దెబ్బ కాగితం మీద లేదా?" అన్నాడు ఆనందం.

"లేదు మామా. మూడుపార్లు దీపం పట్టి చూసిన. మా అన్న కొట్టిన ఆనవాలు గీతంత సుత లేదు. ఏమీ లేదు."

ఏమీ లేదు. చేతులు బొబ్బలెక్కేలా కొట్టిన దెబ్బలు, నాన్న పేరున కొట్టిన దెబ్బలు, వాడి గదిలో, వాడి కాగితం మీద, ఏమీ లేవు.

ఆనందం ఊపిరి పీల్చుకున్నాడు. "గట్లయితె తప్పు చిన్నదే. పనిముట్టు ముట్టినందుకు కొబ్బరికాయ కొట్టిస్తే సరిపోతది. శివరామా, నీ దెబ్బ గోడ సుత దాటలేదని నీ నోటితోని ఒక్క మాటను. అని, వచ్చి నాడె పట్టు."

ఉప్పలయ్య నాడెను రెండు చేతుల్లో పెట్టుకుని ముందుకు చాపాడు. "రా అన్నా. పెద్దోనివి. నువ్వే వెయ్యాలె."

నాడె నున్నగా మెరుస్తోంది. లోపల తెల్ల నూలు కండె. నాలుగడుగులు వేస్తే అందుతుంది. తండ్రి ముట్టుకోకుండా పోయిన నాడె. శివరాములు ఒక అడుగు వేశాడు కూడా. వేసి, పైకి చూశాడు. ఉప్పలయ్య కళ్ళలో వెక్కిరింత ఉంటుందేమోనని వెతికాడు. ఉంటే బాగుండేది. లేదు. జాలి ఉంది. బిడ్డకు మిఠాయి అందిస్తున్నవాడి ముఖం అది.

దేవవ్వ వెనకనుంచి, "పట్టుకోయ్యా, పట్టుకో," అని గొణుగుతోంది.

"ఎవలన్నరు దాటలేదని?" అన్నాడు శివరాములు.

"అన్నా..."

"నీ మిషిన్ నిద్రపోతే నేనేం చెయ్యాలె? గోడ దాటింది. గోదారి దాటింది. బీహార్ దాక పోయింది. నేనే కొట్టిన. ఎవలేమనుకుంటరో అనుకోండ్రి!"

ఎవరో స్త్రీ బిడ్డను కొంగులో దాచుకుంది. శివరాములు పంచె ఎగగట్టి, జనం మధ్యనుంచి నడిచి వీధిలోకి వచ్చాడు. దుకాణం చేరేసరికి వెనక కొట్టంలో నాడె ఇటునుంచి అటు పోయిన చప్పుడు వినిపించింది. ఎవరు వేశారో అడగక్కర్లేదు. ఆ ఒక్క చప్పుడు కోసం ఎదురుచూస్తూ గడపలో కూర్చున్న మనిషి పంచె ఒంటి మీద ఉండగానే, మిషన్ మీది పసుపు కుంకుమ తుడిచి, ఎవరిదో పైజామా కుట్టడం మొదలుపెట్టాడు.

ఆ తరువాత అతని పేరు భూకంపం శివరాములు అయింది. కుట్టుకు రాక మానలేదు జనం, ఎందుకంటే అతనిలా కుట్టేవాడు లేడు. కానీ కొలతలిచ్చి, బల్ల మీద కూర్చోకుండా పోయేవాళ్ళు. ఉప్పలయ్య కూడా రావడం మానుకున్నాడు. పండుగలప్పుడు అక్కాచెల్లెళ్ళు గోడ మీదుగా కూరలిచ్చుకునేవాళ్ళు గాని, మగవాళ్ళ మధ్య మాట లేదు. బల్ల మీద దుమ్ము పేరుకుంది. శివరాములు తుడవలేదు.

మరుసటేడు ఎండాకాలం చివర, మళ్ళీ అమావాస్య ముంగిట, ఒక సాయంత్రం సారయ్య జట్కా వచ్చి ఆగింది. సారయ్య దిగి, పత్రిక చంకలో పెట్టుకుని, దుకాణానికి అవతలే నిలబడ్డాడు.

"అన్నా, క్వెట్టా అనే పట్నం మొత్తం కూలిందట. తెల్లారగట్ల, జనం పండుకున్నకాడ. వేలకు వేలమంది పోయిన్రట."

శివరాములు తలెత్తలేదు. సూది కింద గుడ్డ నడుస్తూనే ఉంది.

"నువ్వు..." సారయ్య పత్రికను మరో చంకలోకి మార్చుకున్నాడు. "కోపం చెయ్యకు అన్నా. గా పూట నువ్వు ఏడున్నవే?"

మిషన్ ఆగింది. వేలమంది అన్న మాట దుకాణంలోకి వచ్చి నిలబడింది. శివరాములు దానివైపు చూడలేదు.

"ఉప్పలయ్యను అడిగినవా?"

"లేదన్నా. ముందుగాల నీ కాడికే వచ్చిన."

శివరాములు లేచి బయటికొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీది దుమ్మును ఆ చివరనుంచి ఈ చివరదాకా నిదానంగా తుడిచాడు.

"కూసో సారయ్యా," అన్నాడు.